ఆంధ్రా బండితో ఒడిశా బోర్డర్ దాటుతున్నారా? పోలీసులు ఆపితే ఏం చేయాలి, ఇంటి దగ్గరే ఏం సర్దుకోవాలి

ఒడిశాలోని రాయగడలో మాది చిన్న జిరాక్స్ షాపు, దాంతోపాటే ఆన్‌లైన్ పనులు కూడా చేస్తాం. ఆదివారం వచ్చిందంటే మజ్జిగౌరి అమ్మవారి దర్శనానికి పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు, విజయనగరం వైపు నుంచి బళ్ళు వరసకట్టి వస్తాయి, వాటిలో ఒకటో రెండో గుడికి వెళ్ళకుండానే ముందు మా షాపు దగ్గర ఆగుతాయి. చేతిలో చలాన్ స్లిప్పు, మొహాలు వాడిపోయి ఉంటాయి, "బాబూ ఇదెక్కడ కట్టాల, ఆంధ్రా బండని చెప్పి పట్టేసారు" అంటారు. నేను ఆ స్లిప్పు చదివి చెప్తాను, ఇందులో ఆంధ్రా అని ఎక్కడా లేదమ్మా, పొల్యూషన్ డేటు అయిపోయింది అని. చాలాసార్లు ఇదే జరుగుతుంది. బయటి నంబర్ చూసి ఆపడం అనేది ఉంది, లేదని నేను చెప్పను, కానీ ఆపాక వదిలేస్తారా రాస్తారా అనేది నూటికి తొంభైపాళ్ళు మన డాష్‌బోర్డులో ఏముందో దాన్ని బట్టే ఉంటుంది. అందుకే ఇదంతా ఒకచోట రాసి పెడుతున్నాను, కూనేరు మీదుగా రాయగడ వచ్చినా, పాతపట్నం నుంచి పర్లాకిమిడి వచ్చినా, సాలూరు ఘాటీ ఎక్కి సుంకి మీదుగా కోరాపుట్ వెళ్ళినా, ఇచ్ఛాపురం దాటి గిరిసోల మీదుగా బరంపురం వెళ్ళినా ఇదే పనికొస్తుంది.

ముందు ఒక భయం తీసేసుకోండి. మీ లైసెన్స్ దేశమంతా చెల్లుతుంది, మోటార్ వెహికల్స్ చట్టం 1988లో సెక్షన్ 13 అదే చెప్తుంది. మీ ఆర్సీ కూడా దేశమంతా చెల్లుతుంది, అది సెక్షన్ 46. సొంత కారుకి, సొంత బైకుకి బోర్డర్ దాటడానికి పర్మిట్ అక్కర్లేదు, నాలుగు రోజులు చుట్టాలింటికో గుడికో వచ్చి వెళ్ళడానికి ట్యాక్స్ కూడా కట్టక్కర్లేదు. ఏపీ 39 అయినా ఏపీ 35 అయినా మా రాయగడ నంబర్ ఓడీ 18తో సమానమే. ఎవరైనా "బయట బండి, ఎంట్రీ ఫీజు ఇవ్వు" అని తెల్ల ప్లేటు బండిని అడిగితే దానికి రసీదు ఇమ్మని అడగండి, అంతే, గొడవ వద్దు.

బయలుదేరే ముందు రోజు రాత్రి

కాగితాలు ముందు రోజు రాత్రే తీసి మంచం మీద పరిచి డేట్లు చూడండి. లైసెన్స్, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఈ నాలుగూ. ఆర్సీ కార్డు మీద వ్యాలిడిటీ కూడా చూడండి, పదిహేనేళ్ళు దాటిన బళ్ళకి రెన్యువల్ మర్చిపోయినవాళ్ళని ఎంతమందిని చూసానో. ఇన్సూరెన్స్ దగ్గర మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటి ఉంది, రెన్యువల్ చేయించేసి ఉంటారు, పాలసీ మెయిల్‌కి వచ్చి ఉంటుంది, కానీ కవర్లో మాత్రం పోయిన ఏడాది కాగితమే ఉంటుంది. చీకట్లో టార్చి వేసి చూసే కానిస్టేబుల్‌కి మీ మెయిల్ కనిపించదు కదా, కొత్తది ప్రింట్ తీసి పాతది చించి పారేయండి. పొల్యూషన్ మీద చాలామందికి చిన్నచూపు, కానీ 2019 సవరణ తర్వాత చట్టంలో దానికి ఫైన్ 10,000 దాకా ఉంది, ఇన్సూరెన్స్ లేకపోతే మొదటిసారి 2,000, లైసెన్స్ లేకుండా నడిపితే 5,000. వంద రూపాయలకి అటూఇటూ అయ్యే పొల్యూషన్ టెస్ట్ కోసం ఇంత రిస్క్ ఎందుకు చెప్పండి. ఇంకోటి, 2025 నుంచి ఒడిశా టోల్ గేట్ల దగ్గర ఈ-డిటెక్షన్ అని పెట్టారు, మిమ్మల్ని ఎవరూ ఆపకుండానే కెమెరా నంబర్ చదివేసి ఇన్సూరెన్స్ లేదని చలాన్ పంపేస్తుంది, కాబట్టి పోలీసు కనపడలేదు కదా అని అనుకోకండి.

ఫోన్లో డిజిలాకర్ గానీ ఎంపరివాహన్ గానీ పెట్టుకోండి. వాటిలో చూపించినవి ఒరిజినల్స్‌తో సమానం, 2018లో సెంట్రల్ మోటార్ వెహికల్ రూల్స్‌లో రూల్ 139 మార్చి ఎలక్ట్రానిక్ రూపంలో ఇచ్చినా తీసుకోవాలని పెట్టారు. కానీ గ్యాలరీలో ఉన్న ఆర్సీ ఫోటో, వాట్సాప్‌లో తమ్ముడు పంపిన లైసెన్స్ ఫోటో ఈ లెక్కలోకి రావు, యాప్‌లో తెరిచి చూపించాలి. ఇక్కడే మా వైపు ఇబ్బంది. ఘాటీ రోడ్లలో, అడవి మధ్యలో సిగ్నల్ ఉండదు, కూనేరు దాటాక కొన్ని మలుపుల్లో ఫోన్ ఉత్త అద్దం ముక్కే. మీరు యాప్ తెరుస్తారు, గిర్రున తిరుగుతూ ఉంటుంది, వెనక ఇంకో మూడు బళ్ళు ఆగి ఉంటాయి, సార్‌కి ఓపిక పోతుంది. అందుకే ఈ దారుల్లో మాత్రం ఒరిజినల్ కార్డులు జేబులో ఉండాల్సిందే, ఫోన్ రెండో ఆధారం అనుకోండి.

బండి వేరేవాళ్ళ పేరు మీద ఉంటే, అంటే బావగారి కారో ఫ్రెండ్ బైకో అయితే, ఓనర్ ఫోన్ ఎత్తేలా చెప్పి పెట్టుకోండి, వీలైతే ఆయన చేత్తో రాసిన చిన్న లెటర్, ఆయన ఆధార్ జిరాక్స్ పెట్టుకోండి. చట్టం అడిగేది కాదు, కానీ దొంగ బండి అనుమానం రెండు నిమిషాల్లో తీరిపోతుంది.

హెల్మెట్ ఇద్దరికీ. మన దగ్గర వెనక కూర్చున్న అమ్మకో భార్యకో హెల్మెట్ పెట్టడం అలవాటు లేదు, కానీ సెక్షన్ 129 ప్రకారం నాలుగేళ్ళు దాటిన ప్రతివాళ్ళకీ ఉండాలి. ఒడిశాలో హెల్మెట్ లేకపోతే 1,000, పైగా లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్ చేసే వీలు కూడా ఉంది. ఒక్కో రాష్ట్రంలో ఫైన్ ఒక్కోలా ఉంటుంది, మా ఊర్లో ఇంతే కదా అని ఇక్కడ వాదిస్తే కుదరదు.

టాక్సీ, వ్యాను కట్టించుకుని వచ్చేవాళ్ళకి

ఇది వేరే కథ. పసుపు ప్లేటు బండికి ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉందా లేదా డ్రైవర్‌ని అడగండి, లేకపోతే టెంపరరీ పర్మిట్ తీసుకుని ఒడిశా ట్యాక్స్ పరివాహన్ సైట్‌లో ముందే కట్టి ఆ రసీదు పెట్టుకోమనండి. పెళ్ళిళ్ళ సీజన్లో మనవాళ్ళు తెలిసినవాడి తెల్ల ప్లేటు బండిని కిరాయికి మాట్లాడుకుని వచ్చేస్తారు, ఆపినప్పుడు "చుట్టాలం" అని చెప్పమంటాడు డ్రైవర్, లోపల ఎనిమిదిమందిని విడివిడిగా అడిగితే ఒక్కరికీ డ్రైవర్ ఇంటిపేరు తెలీదు. పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పితే సెక్షన్ 192ఏ కింద 10,000 ఫైన్, బండి అక్కడే ఆపేయొచ్చు. పెళ్ళికూతురు మేనత్తలు స్టేషన్ అరుగు మీద కూర్చుని ముహూర్తం టైం చూసుకుంటూ ఉండడం నా కళ్ళతో చూసాను, మీకు ఆ గతి పట్టకూడదు.

ఆపినప్పుడు

చెయ్యి ఎత్తారంటే ఆపండి. బ్యారికేడ్ దగ్గర స్లో చేసి, ఎడమ పక్కకి తీసి, ఇంజన్ మీరే ఆఫ్ చేయండి, రాత్రయితే హెడ్‌లైట్ డిమ్ చేసి లోపల లైటు వేయండి. తాళం లాక్కునే అధికారం చట్టంలో ఎక్కడా రాయలేదు, కానీ ఇంజన్ ఆన్‌లో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు పెట్టుకుని మాట్లాడుతుంటేనే వాళ్ళ చెయ్యి తాళం మీదకి వెళ్తుంది. కోరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ లోపలి రోడ్లలో మావోయిస్టుల కోసం పెట్టిన కేంద్ర బలగాల చెకింగ్ కూడా ఉండొచ్చు, వాళ్ళకి మీ పొల్యూషన్ సర్టిఫికెట్‌తో పనిలేదు, ఎవరు, ఎక్కడికి, డిక్కీ తెరవండి, అంతే అడుగుతారు. అక్కడ చేతులు కనపడేలా పెట్టుకుని నెమ్మదిగా దిగండి.

భాష గురించి. ఇక్కడి పోలీసుల్లో తెలుగు వచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ అంతా 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా, బజార్లో సగం మాటలు తెలుగే. కానీ వాళ్ళు పైజిల్లాల నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళయితే తెలుగు రాదు. నాలుగు ముక్కలు నేర్చుకోండి. "గాడి సైడ్ కరంతు" అంటే బండి పక్కకి తీయండి అని. "కాగజొ దెఖాంతు" అంటే కాగితాలు చూపించండి. "కుఆడె జాఉఛంతి" అంటే ఎక్కడికి వెళ్తున్నారు. మీరు జవాబిచ్చేటప్పుడు "ఆగ్యా" అని కలపండి, మన "అండీ" లాంటిది అది, ఆ ఒక్క మాటతో ఎదుటివాళ్ళ మొహం మారిపోవడం నేను రోజూ చూస్తాను. "మూ ఒడియా భలొ జాణిని ఆగ్యా", నాకు ఒడియా బాగా రాదండీ అని. తర్వాత హిందీయో తెలుగో నెమ్మదిగా మాట్లాడండి. గొంతు పెంచి తెలుగులో అరిస్తే అర్థం కాదు సరికదా తిడుతున్నారనుకుంటారు, ఇలా పెద్దదైన గొడవలు నాకు తెలుసు. స్టేషన్ పెద్దని ఇక్కడ ఐఐసీ అంటారు, మాటల్లో థానాబాబు, అవుట్‌పోస్టుని ఫాండి అంటారు, ఫాండికి రా అంటే కంగారు పడక్కర్లేదు.

అడిగిన కాగితం ఒక్కటే ఇవ్వండి, కవర్ మొత్తం ఇచ్చేయకండి. యూనిఫాంలో ఉన్నవాళ్ళకే చూపించాలి, సెక్షన్ 130 యూనిఫాంలో ఉన్న పోలీసు ఆఫీసర్ అనే అంటుంది. పక్కన లుంగీ కట్టుకుని కర్ర పట్టుకున్న మనిషి చెయ్యి చాపితే సార్ ఎవరండీ అని నవ్వుతూ అడగండి.

చలాన్ రాస్తే ఏం చేయాలి

తప్పు మీదయితే ఒప్పుకుని చలాన్ రాయమనండి. ఇది చాలా ముఖ్యం, మనవాళ్ళకి "ఎంతో కొంత ఇచ్చి పోదాం" అనే అలవాటు ఉంది, నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది. ఐదువందలు చేతిలో పెడితే ఆ రోజుకి పని అయిపోయింది అనుకుంటారు, పది కిలోమీటర్ల తర్వాత ఇంకో చెకింగ్‌లో మళ్ళీ అదే కాగితం లేదు, మళ్ళీ ఐదువందలు. మీ వెనక వచ్చే ప్రతి ఆంధ్రా బండికీ ఆ రేటు మీరే ఫిక్స్ చేసి వెళ్తున్నారు. "రసిద్ దిఅంతు ఆగ్యా" అని అడగండి, రసీదు ఇవ్వండి అని. మిషన్ ఉంటే కార్డుతోనో యూపీఐతోనో కట్టొచ్చు, లేదంటే నంబర్ మీద ఈ-చలాన్ పడుతుంది, ఇంటికెళ్ళి పరివాహన్ ఈ-చలాన్ సైట్‌లో కట్టుకోవచ్చు. తప్పు మీది కాదనుకుంటే అక్కడ కట్టకండి, సంతకం ముందు ఏ సెక్షన్ రాసారో చదివి ఫోటో తీసుకోండి, కోర్టులో చెప్పుకునే హక్కు మీకుంది. అక్కడే తేలిపోవాలని గంట వాదించొద్దు, రోడ్డు మీద ఎవరూ గెలవరు.

ఇప్పుడు మా మావయ్య సంగతి చెప్తాను. పార్వతీపురం నుంచి బైకు మీద వస్తున్నారు, సాయంత్రం ఆరున్నర, చినుకులు పడుతున్నాయి, ఒక చెకింగ్‌లో ఆపారు. పొల్యూషన్ లేదు. కానిస్టేబుల్ టార్చి నోట్లో పెట్టుకుని పొడుగు నోట్‌బుక్‌లో నంబర్ రాసుకుని, లైసెన్స్ తీసుకుని జేబులో వేసుకుని రేపు స్టేషన్‌కి రా అన్నాడు. మావయ్య సరే సార్ అని వచ్చేసారు, కాగితం అడగలేదు. మర్నాడు వెళ్తే ఎవరు తీసుకున్నారు అని అడిగారు, పేరు తెలీదు. రెండోసారి వెళ్తే డ్యూటీ మారింది. మూడోసారి నేనూ వెళ్ళాను, ఒక ఖాకీ కవర్లోంచి రబ్బర్ బ్యాండ్ వేసిన లైసెన్సుల కట్ట తీసారు, ఇరవై పైనే ఉంటాయి, అందులో కింద నుంచి నాలుగోది మావయ్యది, వానకి అంచు ఉబ్బిపోయి ఉంది. అప్పటికి పంతొమ్మిది రోజులు. ఆ పంతొమ్మిది రోజులూ ఆయన లైసెన్స్ లేకుండానే తిరిగారు, మధ్యలో ఏదైనా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు ఏమనేవారో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

చట్టం ఏం చెప్తుందంటే, సెక్షన్ 206 కింద లైసెన్స్ తీసుకుంటే దానికి టెంపరరీ అక్నాలెడ్జ్‌మెంట్ స్లిప్పు ఇచ్చి తీరాలి, ఆ స్లిప్పు మీద రాసిన తేదీ దాకా, లేదా లైసెన్స్ తిరిగి ఇచ్చేదాకా మీరు బండి నడపొచ్చు. కాబట్టి లైసెన్స్ చెయ్యి మారిందంటే స్లిప్పు చేతికి రావాలి. స్లిప్పు బుక్ లేదంటే తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి, అదీ కాదంటే ఛాతీ మీద పేరు, స్టేషన్ పేరు, టైము అక్కడే ఫోన్లో నోట్ చేసుకోండి, ఆయన ముందే, మర్యాదగా.

డిక్కీలో ఏం ఉండకూడదు

ఇక్కడ సరదాగా తీసుకోవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. కోరాపుట్, గజపతి, మల్కన్‌గిరి, రాయగడ వైపు నుంచి ఆంధ్రాకి గంజాయి వెళ్తుంది, ఇది అందరికీ తెలిసిందే, చెకింగ్‌లు ఎక్కువ ఉండేది ముఖ్యంగా దానికే. రోడ్డు మీద లిఫ్ట్ అడిగినవాళ్ళని బ్యాగుతో ఎక్కించుకోకండి, "పార్వతీపురంలో మా వాడికిచ్చేయండి" అని ఎవరో ఇచ్చిన పార్సిల్ తీసుకోకండి, కుర్రాడు ఎంత మంచివాడిలా కనపడినా సరే. మత్తుమందుల చట్టం ఎన్‌డీపీఎస్‌లో గంజాయికి ఒక కేజీ దాకా చిన్న మొత్తం, 20 కేజీలు దాటితే కమర్షియల్, దానికి పదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళు జైలు, బండి కూడా పోవచ్చు. పార్సిల్ నాది కాదు అన్నది కోర్టులో రుజువు చేసేసరికి కుర్రాడి చదువు అయిపోతుంది. ఆ కేసుల్లో ఒంటి మీద తనిఖీ చేస్తామంటే గెజిటెడ్ ఆఫీసర్ ముందో మెజిస్ట్రేట్ ముందో చేయమని అడిగే హక్కు అదే చట్టంలో సెక్షన్ 50 ఇస్తుంది. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి, మీరు కూడా తీయమని అడగొచ్చు, అది మీకే మంచిది.

మందు బాటిళ్ళు అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ తేవొద్దు, ఎక్సైజ్ కేసు అవుతుంది. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో 50,000 దాటి క్యాష్ ఉంటే బ్యాంక్ విత్‌డ్రా స్లిప్పో, పెళ్ళి కార్డో, బంగారం షాపు ఎస్టిమేటో దగ్గర పెట్టుకోండి. ఆధారం లేకపోతే సీజ్ చేస్తారు, అలా జరిగితే రసీదు తీసుకోండి, జిల్లాలో దీనికోసం ఒక గ్రీవెన్స్ కమిటీ ఉంటుంది, అక్కడ ఆధారాలు చూపిస్తే తిరిగి ఇస్తారు.

మేకకి తగిలినా మనిషికి తగిలినా

ఘాటీ కింద ఊళ్ళలో రోడ్డు మీద మేకలు, కోళ్ళు, పిల్లలు ఒకేసారి వస్తారు. దెబ్బ తగిలితే బండి ఆపి 108కో 112కో కొట్టి, మనిషిని ఆసుపత్రికి చేర్చడం మీ బాధ్యత, సెక్షన్ 134 అది. కానీ అదే సెక్షన్ జనం కోపంతో మీద పడే పరిస్థితి ఉంటే మినహాయింపు కూడా ఇచ్చింది. అంటే ప్రాణం మీదకి వచ్చేలా ఉంటే దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్‌కి నేరుగా వెళ్ళిపోండి, వెళ్తూనే 112కి చెప్పండి, ఎక్కడ జరిగిందో చెప్పండి. ఊరు వదిలి రాష్ట్రం దాటి ఇంటికి పోవద్దు, అప్పుడది పారిపోవడం అవుతుంది, 24 గంటల్లో రిపోర్ట్ చేయాలి. మేకకి తగిలినప్పుడు ఊరివాళ్ళు అడిగే డబ్బు నచ్చితే ఇవ్వండి, లేదంటే స్టేషన్‌లో తేల్చుకుందాం అని చెప్పి స్టేషన్‌కే రమ్మనండి. ఇంకో మంచి సంగతి, 2025 మే నుంచి రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్ళకి మొదటి ఏడు రోజులు 1,50,000 రూపాయల దాకా క్యాష్‌లెస్ వైద్యం స్కీమ్ ఉంది, ఆసుపత్రిలో అడగండి.

స్టేషన్‌కి తీసుకెళ్ళి కూర్చోబెడితే, అరెస్టా కాదా అని మెల్లగా అడగండి. అరెస్ట్ అయితే ఎందుకో చెప్పాలి, ఇంట్లోవాళ్ళకి తెలియజేయాలి, 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి, లాయర్‌ని కలవనివ్వాలి. అరెస్ట్ కాకపోతే ఇంటికి ఫోన్ చేసి ఏ స్టేషన్‌లో ఉన్నారో లొకేషన్ పంపండి, ఆడవాళ్ళు పిల్లలు ఉంటే వాళ్ళని ముందు బస్టాండ్‌కో తెలిసినవాళ్ళింటికో పంపేయండి.

ఇక్కడే ఉద్యోగం చేసుకుంటూ ఆంధ్రా నంబర్ బండి నడిపేవాళ్ళకి ఒక మాట. జేకేపూర్‌లో, తేరుబలిలో పని చేసే మన పిల్లలు చాలామంది నాలుగైదేళ్ళుగా అదే ప్లేటుతో తిరుగుతున్నారు. సెక్షన్ 47 ప్రకారం పన్నెండు నెలలు దాటి ఇంకో రాష్ట్రంలో బండి ఉంచితే అభ్యంతరం లేదనే కాగితం (ఎన్‌ఓసీ) తెచ్చుకుని ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్పించుకోవాలి. చెకింగ్‌లో రోజూ అదే మొహం, అదే నంబర్ కనపడితే వాళ్ళకి తెలీదా చెప్పండి.

ఇంటికి చేరాక

వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి మీ బండి నంబర్ పరివాహన్ సైట్‌లో కొట్టి చూసుకోండి, కెమెరా చలాన్లు లేటుగా పడతాయి. కట్టకుండా వదిలేస్తే బండి అమ్మేటప్పుడు పని ఆగిపోతుంది. మెసేజ్‌లో లింక్ వస్తే నేరుగా నొక్కొద్దు, అసలు సైట్ అడ్రస్ గవ్ డాట్ ఇన్ అని ముగుస్తుంది, వాట్సాప్‌లో చలాన్ పేరుతో ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కే ఫైల్) వస్తే అది మోసం, మా షాపుకి వచ్చిన ఒక టీచరుగారు అది నొక్కి 38,000 పోగొట్టుకుని కుర్చీలో అలా కూర్చుండిపోయారు, కాసిని మంచినీళ్ళు ఇవ్వడం తప్ప నేనేం చేయలేకపోయాను. అలా డబ్బు పోతే వెంటనే, అదే గంటలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆమెకి ఆ నంబర్ తెలిసేసరికి రెండు రోజులు అయిపోయింది.

చలాన్ కట్టిన రసీదు ప్రింట్ తీసి అదే ప్లాస్టిక్ కవర్లో ఆర్సీ వెనక పెట్టండి, ఒకే తప్పుకి మళ్ళీ ఎవరైనా అడిగితే చూపించడానికి. ప్రింట్ ఇంకు ఎండకి వెలిసిపోతుంది, డాష్‌బోర్డు మీద వదిలేయకుండా లోపల అరలో పెట్టుకోండి.